జహనారాకి హిందీ వచ్చిన వైనం

జగ్గయ్యపేటలో మా వీధి మొదట్లో నిలబడి హిందీ టీచరమ్మ ఇల్లెక్కడ అని అడిగితే ఆటోవాళ్ళు కూడా చెబుతారు. చెప్పి ఊరుకోరు. "సాయిబులు గదండీ, వాళ్ళకి హిందీ ఇంట్లోనే ఉంటది. మనకెక్కడొస్తది?" అని ఒక మాట కలుపుతారు. ఒకప్పుడు ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ టీచరమ్మ జహనారా ఇంట్లో హిందీ లేదు, ఉర్దూ లేదు. వాళ్ళ నాన్న నన్నే సాహెబ్ నిద్రలో తిట్టినా తెలుగులోనే తిట్టేవాడు. తాతల నాటి నుంచీ దూది ఏకి పరుపులు కుట్టుకునే కుటుంబం. పేర్లు తప్పిస్తే వాళ్ళ మాటకీ మా మాటకీ వెంట్రుకంత తేడా కూడా ఉండేది కాదు.

మరి ఆమెకి హిందీ ఎక్కడి నుంచి వచ్చిందయ్యా అంటే, వస్తుండగా కళ్ళారా చూసినదాన్ని నేనే. నా పేరు బాలాత్రిపురసుందరి. హాజరు పట్టీలో ఆ పేరు పట్టక అందరూ బాల అనేవారు. జహనారా, నేనూ ఆరో తరగతి నుంచి ఒకే బెంచీ. ఆ తరువాత ఒకే స్కూల్లో టీచర్లం, తను హిందీ, నేను సాంఘికశాస్త్రం.

1990లో మేం ఆరులో చేరాం. ఏ ఊరి బడో చెప్పను. అందులో పనిచేసిన పెద్దలు కొందరు ఇంకా నిక్షేపంగా ఉన్నారు, నాతో పేచీ పెట్టుకుంటారు. చిల్లకల్లు చుట్టుపక్కలే అనుకోండి. ఆ రోజుల్లో హిందీ ఆరులోనే మొదలయ్యేది, మొదలైన రోజునే దాని విలువా తేలిపోయేది. మిగతా వాటికన్నా హిందీకి పాసు మార్కులు తక్కువ. మీకెటూ రాదులే అని ప్రభుత్వమే ముందుగా చెప్పేసినట్టు. మేం కూడా ఆ మాట చాలా శ్రద్ధగా పాటించాం. హిందీ పీరియడ్లో లెక్కల హోంవర్కు చేసుకునేవాళ్ళు కొందరు, సీమచింతకాయలు ఒలుచుకునేవాళ్ళు కొందరు.

మా హిందీ మాష్టారు అనంతపద్మనాభం గారు. సన్నగా, తెల్లగా, ఎప్పుడూ ఉతికిన లాల్చీలో ఉండేవారు. ఆయనకి హిందీ అంటే ప్రాణం. వినేవాళ్ళు లేక ఏళ్ళ తరబడి గోడలకి పాఠం చెబుతున్న మనిషి. మొదటి రోజు హాజరు పిలుస్తూ పిలుస్తూ ఒక పేరు దగ్గర ఆగారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"జహనారా ఎవరమ్మా?"

జహనారా లేచి నిలబడింది.

"ఎవరమ్మాయివి తల్లీ?"

"నన్నే సాహెబ్ గారమ్మాయినండి. హైవే మీద పరుపులు కుడతారు."

"అమ్మయ్య!" అన్నారు మాష్టారు. ఆ అమ్మయ్య ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "ఇన్నాళ్ళకి నాకో మనిషి దొరికింది. పుస్తకం తియ్యమ్మా. మొదటి పాఠం నువ్వు చదువు, వీళ్ళు విని నేర్చుకుంటారు. నేను చెబితే ఎటూ వినరు."

జహనారా పుస్తకం తెరిచింది. తీగ మీద ఆరేసిన బట్టల్లా ఉన్నాయి అక్షరాలు. నాకెంత తెలుసో దానికీ అంతే తెలుసు, అంటే సున్నా. నిలబడింది, నిలబడే ఉంది. క్లాసంతా వింత చూస్తోంది. మాష్టారు మాత్రం ఇంత కూడా అనుమానపడలేదు.

"సిగ్గు పడుతోంది పాపం. మర్యాదస్తుల పిల్ల. పోనీలే తల్లీ, రేపు చదువుదువుగాని."

బడి వదిలాక నేను జహనారాని మోచేత్తో పొడిచాను. "రాదని చెప్పెయ్యవే. ఏం చేస్తారు? కొడతారా?"

"ఎట్టా చెప్పనే? ఆయన మొహం చూశావా?" అంది జహనారా. దాని కళ్ళనిండా నీళ్ళు. కొడతారని కాదు దాని భయం. ఆయన మొహంలో కొత్తగా వెలిగిన ఆ వెలుగు తన నోటితో తనే ఆర్పాల్సొస్తుందని. పదకొండేళ్ళ పిల్లకి అంత బాధ ఎందుకో నాకప్పుడు తెలియలేదు.

నన్నే సాహెబ్ కొట్టు హైవే పక్కన ఉండేది. పరుపులూ దిళ్ళూ కుట్టడంతో పాటు లారీ సీట్లలో పాత దూది తీసి కొత్తది కూరడం ఆయన ముఖ్యమైన పని. గరికపాడు చెక్‌పోస్టు దాటి వచ్చే లారీలు అక్కడ ఆగేవి. ఉత్తరాది డ్రైవర్లు హిందీలో ఏదో అడిగేవారు, ఆయన తెలుగులో ఏదో చెప్పేవాడు, మిగతాది వేళ్ళతో తేలేది. ఆ సాయంత్రం ఒక పంజాబు డ్రైవరు సీటు విప్పించుకుని నవారు మంచం మీద కూర్చుని ఉన్నాడు. పెద్ద తలపాగా, నెరిసిన గడ్డం. జహనారా పుస్తకం తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టింది. మాట రాలేదు. వేలితో అక్షరాలు చూపించి, తన నోరు చూపించింది. ఆయన కాసేపు అర్థంకాక చూసి, తరవాత గడ్డంలోంచి నవ్వి, పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు.

"సుబహ్ హుయీ" అన్నాడు, తెల్లవారిందని తూర్పు వైపు చెయ్యి చూపిస్తూ. "సుబహ్ హుయీ" అంది జహనారా. "చిడియా బోలీ" అంటూ రెండు చేతులూ పిట్ట రెక్కల్లా ఆడించాడు. అంత పెద్ద మనిషి అలా ఆడిస్తుంటే నేను కిందపడి నవ్వాను. జహనారా నవ్వలేదు. నన్నే సాహెబ్ సీటు కుట్టి దారం తెంపే లోపు దానికి పాఠం నోటికొచ్చేసింది.

మర్నాడు పుస్తకం తెరిచి, ఏ వరుసలో ఏముందో తెలియకుండానే, గడగడా చదివేసింది. మాష్టారు కుర్చీలోంచి లేచారు. "చూశారట్రా! పుట్టుకతో వచ్చిన ఉచ్చారణంటే అదీ!" అన్నారు. తలవంచుకున్న జహనారా చెవులు ఎర్రబడ్డాయి.

ఆ రోజు నుంచి దాని బతుకు పరుగైపోయింది. మాష్టారు రేపు ఏ పాఠం చదివిస్తారో ఆ పాఠం ఇవాళ సాయంత్రానికి నేర్చుకోవాలి. అన్ని రోజులూ డ్రైవర్లు దొరకరు. దొరికినా అందరికీ చదువుండదు. అందుకని దసరా సెలవుల్లో కూర్చుని అక్షరాలు పట్టేసింది. రేడియోలో హిందీ వార్తలు పెట్టుకుని ఒక్క ముక్క అర్థం కాకపోయినా వినేది. డ్రైవర్లని పలకరించేది. నన్నే సాహెబ్‌కి ఇది కొట్టుకి లాభసాటిగా కనబడింది. "మా పిల్లకి బేరం చెయ్యడం వస్తందే బాలా!" అని నాతో మురిసిపోయేవాడు.

తప్పులు పోలేదా అంటే, బోలెడు పోయాయి. ఒకసారి బల్ల జరపమనడానికి డ్రైవర్లు క్లీనర్ని అదిలించే మాటొకటి క్లాసులో వాడేసింది. మాష్టారు తుళ్ళిపడి, మరుక్షణమే తల పంకించారు. "అదీ అసలైన వాడుక! పుస్తకాల్లో దొరకదురా అది." జహనారా తప్పు చేసినా ఆయనకి అది పాండిత్యం లాగే వినిపించేది. సరిగ్గా ఆ నెలలోనే జీవరత్నం అని, పల్లె నుంచి వచ్చే పిల్లవాడు, వెనక బెంచీలోంచి ఒక ప్రశ్నకి టక్కున సరైన జవాబు చెప్పాడు. మాష్టారు వాడివైపు చూసి, "ఎవరు అందించార్రా నీకు?" అని అడిగారు. కోపంగా కాదు, నవ్వుతూనే. వాడూ నవ్వి కూర్చున్నాడు. మళ్ళీ ఎప్పుడూ చెయ్యెత్తలేదు.

ఇంకో ముచ్చట. మా తాతగారు పురాణం చెప్పేవారు కాబట్టి పద్యం నా గొంతులో పుట్టుకతో ఉండాలని మా తెలుగు మాష్టారి తీర్మానం. నన్ను నిలబెట్టి పాడించేవారు. నా గొంతు విని బయట మేస్తున్న మేకలు తలెత్తి చూసేవి. ఆయన మాత్రం "ఇవాళ జలుబు చేసినట్టుంది" అని సర్దుకునేవారు. నా జలుబు అయిదేళ్ళు తగ్గలేదు. ఆ పద్యాలన్నీ కంఠతా వచ్చి, నాకు బెంచీ కింద నుంచి అందించింది జహనారా. తెలుగు మాష్టారు దాన్ని పాడమని ఒక్కనాడూ అడగలేదు. "నీకెందుకమ్మా తెలుగు పద్యాల కష్టం, నువ్వు కూర్చో" అని దయ చూపేవారు. ఆ దయ వల్ల దానికి పద్యం నోట్లోనే ఉండిపోయింది.

ఎనిమిదో తరగతిలో నందిగామలో హిందీ దినోత్సవానికి వక్తృత్వ పోటీ పెట్టారు. హిందీ మాష్టారు జహనారాని బస్సులో తీసుకెళ్ళారు, తోడుగా నేనూ వెళ్ళాను. మొదటి బహుమతి వచ్చింది. వచ్చేటప్పుడు మాష్టారు, "మీ ఇంట్లో వాళ్ళ భాష ఒక్కసారి వినాలనుందమ్మా. దార్లోనే గదా, దిగి మీ నాన్నగారిని పలకరించి వెళ్తా" అన్నారు. జహనారా మొహం పాలిపోయింది. బస్సు ఆగడమే తరువాయి, ముందు దూకి కొట్టులోకి పరుగెత్తింది. "నాన్నా, మాష్టారొస్తన్నారు. నువ్వు మాత్రం నోరు తెరవబాక" అని చేతులు పట్టుకుంది. నన్నే సాహెబ్‌కి ఏమీ అర్థం కాలేదు. అయినా కూతురి అవస్థ చూసి, దారప్పోగు పళ్ళ మధ్య కరిచిపట్టుకుని కూర్చున్నాడు. మాష్టారు హిందీలో ఏదో గౌరవంగా అన్నారు. ఈయన తలూపాడు. మాష్టారు ఇంకేదో అన్నారు. ఈయన ఇంకోసారి తలూపి ఒక కొత్త దిండు తీసి ఆయన చేతిలో పెట్టాడు. ఆ దిండు చంకలో పెట్టుకుని మాష్టారు మాతో రోడ్డు దాకా వచ్చి, "ఎంత మితభాషి! ఎంత సంస్కారం!" అని కళ్ళు మూసుకున్నారు.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వు కన్నా ఎక్కువగా నాకు ఒక రకమైన విస్మయం కలుగుతుంది. ఆరులో అది అబద్ధం. పదికి వచ్చేసరికి నిజం. మధ్యలో ఏ రోజున మారిందో పక్క బెంచీలో కూర్చున్న నాకూ తెలియలేదు, దానికీ తెలియలేదు. ఒక పెద్దమనిషి పొరపాటు పడ్డాడు. ఆ పొరపాటు తప్పు కాకూడదని ఒక చిన్నపిల్ల పరుగెత్తింది. పరుగెత్తి పరుగెత్తి, ఆయన అనుకున్న మనిషే అయి కూర్చుంది. లేని ఊరుకి దారి అడిగితే ఆ దారి చివర నిజంగానే ఊరు వెలిసినంత వింత. హిందీ పరీక్షలన్నీ వరసగా కట్టింది, పండిట్ ట్రైనింగ్ చేసింది, 2001లో ఉద్యోగం తెచ్చుకుంది. వత్సవాయి మండలంలో ఒక పల్లెటూరి హైస్కూలు. నాకూ అక్కడే వచ్చింది. ఇద్దరం జగ్గయ్యపేటలో అద్దెకి దిగి ఒకే బస్సులో వెళ్ళొచ్చేవాళ్ళం.

దేవమణి అనే పిల్ల సంగతి 2004లో. తొమ్మిదో తరగతి. తల్లి లూర్దమ్మ కూలిపని చేసేది, తండ్రి లేడు. స్టాఫ్ రూములో ఆ పిల్ల పేరొస్తే మాటలు అక్కడితో అయిపోయేవి. బుర్ర లేదు, దండగ, పదిలో ఎటూ తప్పుద్ది. నేను చెప్పే సాంఘికంలో కూడా దాని పేపరు తెల్లగానే ఉండేది. నవంబరు ఆఖర్లో ఒక రోజు లూర్దమ్మ బడికొచ్చింది. చీర కుచ్చిళ్ళకి పత్తి కాయల డొప్పలు అంటుకుని ఉన్నాయి.

"వచ్చే వారం పిల్లని మానిపిస్తానండి. నాతోపాటు పత్తి తీతకి తీసకపోతా" అంది.

"చదువుకోనీ లూర్దమ్మా. ఇంకొక్క ఏడాదేగా" అంది జహనారా.

"చదువు రానిపిల్లకి చదువేందమ్మగారూ? దానికి బుర్ర లేదన్నది నేనా? మీ టీచర్లేగా చెప్పింది, ప్రతి పరీక్షకీ పిలిచి మరీ." లూర్దమ్మ గొంతులో కోపం లేదు. డాక్టరు చెప్పిన జబ్బు గురించి మాట్లాడినట్టు మాట్లాడింది. జహనారా బతిమాలితే క్రిస్మస్ దాకా ఆగుతానంది.

అంటే నెల రోజులు కూడా లేవు. జహనారాకి తన కథ గుర్తొచ్చింది. మాష్టారు తనకి చేసిందే తను దేవమణికి చెయ్యాలనుకుంది. మర్నాడు క్లాసులో, "దేవమణీ, నీకొచ్చమ్మా. లేచి నువ్వు చదువు" అని నవ్వు మొహంతో పిలిచింది. పిల్ల లేచింది. పుస్తకం వైపు చూడలేదు. టీచరు మొహంలోకి చూసింది, చాలాసేపు.

"నాకు రాదని మీకూ తెల్సు గదా టీచర్" అంది.

క్లాసులో ఎవరూ నవ్వలేదట. ఆ సాయంత్రం బస్సులో జహనారా ఈ సంగతి చెబుతూ కిటికీ వైపు తిరిగిపోయింది. "దొరికిపోయానే బాలా. ఆ పిల్ల చెప్పింది నిజం. నాకూ నమ్మకం లేదు. నమ్మినట్టు నటించా. నా మొహంలో చదివేసింది. హిందీ చదవలేకపోతే ఏం, మొహాలు చదవడం ఎంత బాగా వచ్చో దానికి."

ఆ ఆదివారం ఇద్దరం నందిగామ వెళ్ళాం. అనంతపద్మనాభం మాష్టారు రిటైరై చందర్లపాడు రోడ్డులో కొడుకు దగ్గర ఉంటున్నారు. కొంచెం వంగిపోయారు, లాల్చీ మాత్రం అలాగే తెల్లగా ఉంది. జహనారాని చూసి పొంగిపోయి హిందీలో అందుకున్నారు. జహనారా తెలుగులో చెప్పింది.

"మాష్టారూ, మీకొక మాట చెప్పాలి. ఆరో తరగతిలో మీరు చదవమన్న రోజున నాకు హిందీలో ఒక్క అక్షరం కూడా రాదండి. మా ఇంట్లో ఎవరికీ రాదు. నాన్నకి ఇప్పటికీ రాదు."

మాష్టారు నవ్వారు, వేళాకోళం అనుకుని. తరవాత నా వైపు చూశారు. నేను తలూపాను. దారప్పోగు సంగతీ, డ్రైవరు పిట్టలాగా చేతులాడించిన సంగతీ నేనే చెప్పాను. వింటూ వింటూ ఆయన మెల్లగా కుర్చీలో వెనక్కి వాలారు.

"రాదా? అసలు రాదా?" అని తనలో తను అనుకుంటున్నట్టు అన్నారు. "మరి ఎవరు నేర్పారమ్మా నీకు?"

"మీరేనండి."

"నేనేం నేర్పలేదు తల్లీ! నీకు వచ్చు గదాని నీకు చెప్పడమే మానేశా. సగం పీరియడు నీకు వదిలేసి హాయిగా కూర్చునేవాణ్ణి."

"అందుకే అడగడానికొచ్చా మాష్టారూ. నా దగ్గర ఒక పిల్ల ఉంది. నీకొచ్చని చెప్పినా నమ్మట్లా. ఎట్టా నమ్మించాలి?"

"నేను నీకెప్పుడన్నా నీ మీద నమ్మకముందని చెప్పానా?"

జహనారా ఆలోచించింది. "లేదండి."

"చెప్పలేదు. నీ మీద భారం వేసి నా పని నేను చూసుకున్నా." అంటూనే ఆయన ఆగిపోయారు. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు కళ్ళు చిన్నవయ్యాయి. ఆ మొహంలో రంగు మారడం నేను చూశాను. "అయితే అమ్మా... నీకు వచ్చని నేను నమ్మితే నీకొచ్చింది. ఆ క్లాసులో మిగతా వాళ్ళకి రాదనీ అంతే గట్టిగా నమ్మానే."

ఆయనే నా వైపు తిరిగి అడిగారు. "వెనక బెంచీలో ఒక పిల్లవాడుండేవాడు. జీవరత్నం. ఏం చేస్తున్నాడు?"

"చెక్‌పోస్టు దగ్గర లారీలకి టైర్లు విప్పుతాడండి" అన్నాను.

"ఆ రోజు వాడు సరిగ్గానే చెప్పాడు" అన్నారు మాష్టారు. ఇన్నేళ్ళ తరవాత ఆయనకది గుర్తుంది. గుమ్మం దాకా వచ్చి మమ్మల్ని సాగనంపుతూ జహనారా తల మీద చెయ్యి పెట్టారు. నాకు ఆయన మీద కోపం రావాలి, జాలి పడాలి, ఏదీ కాలేదు. ఒక మనిషి తలపుకి ఇంత బలమా అనిపించింది.

డిసెంబరులో హిందీ టీచర్లందరికీ జగ్గయ్యపేటలో వారం రోజుల శిక్షణ వేశారు. మా బళ్ళలో ఒక పద్ధతుంది. టీచరు సెలవు పెడితే చిన్న తరగతికి పై తరగతి నుంచి బాగా చదివే పిల్లనొకదాన్ని పంపుతారు. అల్లరి కాకుండా చూస్తుంది, వీలైతే పాఠం చదివిస్తుంది. ఆరో తరగతికి ఎవర్ని పంపమంటావని హెడ్మాస్టరు అడిగితే జహనారా, "దేవమణిని" అంది.

"ఇంకెవరూ దొరకలేదా?" అన్నారాయన. స్టాఫ్ రూములో ముసిముసి నవ్వులు. జహనారా వరండాలో దేవమణిని పిలిచి సుద్దముక్క, ఆరో తరగతి వాచకం చేతిలో పెట్టింది. ఈసారి నవ్వు మొహం లేదు, బుజ్జగింపు లేదు.

"నేనుండను. ఆరోదానికి పాఠం ఆగకూడదు. నువ్వు చెప్పు."

"నాకా టీచర్? తప్పులు పోతే?"

"పోతే వచ్చాక దిద్దుతా. ఆగితే మాత్రం ఊరుకోను."

నాతో కూడా గట్టిగా చెప్పింది. "బాలా, పక్క క్లాసు నీదే. ఎంత గోలైనా ఆ గదిలోకి వెళ్ళబాక." బస్సెక్కాక మాత్రం నా చెయ్యి పట్టుకుంది. "నాకు భయంగా ఉందే. మొన్న క్లాసులో అట్టా చెప్పినప్పుడు భయం లేదు. ఇప్పుడు నిజంగా ఇచ్చా గదా."

మొదటి రోజు ఆరో తరగతి సంతలా ఉంది. రెండో రోజూ అంతే. గోడకివతల సాంఘికం చెబుతున్న నాకు నిలబడ్డ చోట నిలవబుద్ధి కాలేదు. వెళ్ళి నాలుగు తగిలిద్దామని రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళి పళ్ళు కొరుక్కుంటూ వెనక్కొచ్చాను. అయితే విరామంలో ఒక సంగతి కనబడింది. దేవమణి పదో తరగతి పిల్లల్ని ఒక్కొక్కరినే గోడవారకి లాక్కెళ్ళి, ఆరో తరగతి వాచకం తెరిచి, ఇది ఎట్టా చదవాలో చెప్పమని వెంటపడుతోంది. వాళ్ళు నవ్వుతున్నారు, అది లెక్కచెయ్యట్లేదు. అన్నం బెల్లు కొట్టినా అక్కడే. మూడో రోజు మధ్యాహ్నం నుంచి గోడ అవతల గోల తగ్గింది. నాలుగో రోజు ఒక గొంతు, వెనకాలే అందరి గొంతులూ.

శనివారం పొద్దున మబ్బు పట్టింది. శిక్షణ ముందు రోజే అయిపోవడంతో జహనారా నాతోపాటే వచ్చింది, కాని ఆ పూట పాఠం కూడా దేవమణికే వదిలేసి తిన్నగా హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళింది. మొదటి పీరియడు సగంలో గేటు ముందు ట్రాక్టరు ఆగింది, ట్రక్కు నిండా పత్తి తీతకి వెళ్ళే ఆడవాళ్ళు. లూర్దమ్మ దిగి గబగబా వరండాలోకి వచ్చింది. జహనారా ఎదురెళ్ళింది. నేను నా క్లాసు గుమ్మంలో ఉన్నాను.

"క్రిస్మస్ దాకా అన్నావుగా లూర్దమ్మా?"

"వాన పడేట్టుందమ్మగారూ. తడిస్తే పత్తి నల్లబడుద్ది. ఇయ్యాళే మనుషులు కావాలంటన్నాడు రైతు. పిల్లని తీసకపోతా. ఎటూ మాన్పించేదేగా, నాలుగు రోజులు ముందుకేం."

జహనారా మాట వెతుక్కుంటోంది. ఆ సందులో ఆరో తరగతి గదిలోంచి గొంతు వినిపించింది. గట్టిగా, తొణక్కుండా, ఒక్కో మాటా విడదీసి హిందీలో చదువుతున్న గొంతు. పిల్లలంతా దాని వెనకే అంటున్నారు. ఎవడో ఒకడు తడబడ్డాడు. గొంతు ఆగింది. "మళ్ళీ అనరా. నువ్వంటావు నాకు తెల్సు. నేనాగుతా" అంది తెలుగులో. ఆగింది. వాడు అన్నాడు. మళ్ళీ పాఠం సాగింది.

లూర్దమ్మ అటు చెవి పెట్టింది. ఆమె మొహంలో గౌరవం లాంటిది వచ్చింది. అప్రయత్నంగా కొంగు భుజం మీదుగా సర్దుకుంది.

"ఎవరండీ ఆ టీచరమ్మ? కొత్తగా వచ్చారా?"

జహనారా బదులుగా చేత్తో కిటికీ చూపించింది. లూర్దమ్మ రెండడుగులు వేసి కిటికీలోంచి చూసింది. ఊచ పట్టుకున్న ఆ చెయ్యి పత్తికాయలు గీరుకుని చారలు చారలుగా ఉంది. ఎంతసేపు చూసిందో నేను చెప్పలేను. నా వెనక నా క్లాసు గోల చేస్తోంది, నాకు పట్టలేదు.

"పిలవమంటావా లూర్దమ్మా?" అంది జహనారా చివరికి, చాలా మెల్లగా.

గేటు దగ్గర ట్రాక్టరు హారన్ కొట్టింది. లూర్దమ్మ ఉలిక్కిపడి అటు తిరిగి, వెళ్ళిపొమ్మని చెయ్యి ఊపింది. మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

"వద్దండి. పిలవబాకండి. పాఠం చెప్తంది గదా" అంది.